ఫిలిప్ హోన్: వేలం కొట్టులో గడించి, హామీ సంతకంతో పోగొట్టుకున్న న్యూయార్క్ మేయర్

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. న్యూయార్క్‌లో ఒక వడ్రంగి కొడుకైన ఫిలిప్ హోన్, నలభై ఏళ్లకే వ్యాపారం మానేసి కూర్చునేంత డబ్బు ఎలా సంపాదించాడు? 1826లో మేయర్ ఎలా అయ్యాడు? అంత ఆస్తి ఉన్నవాడు 68 ఏళ్ల వయసులో ప్రభుత్వ ఉద్యోగం ఎందుకు చేయాల్సి వచ్చింది?

మూడింటికీ ఒకే చోట జవాబు దొరుకుతుంది. అతను గడించిన డబ్బు ఇతరుల సరుకు మీద వచ్చిన కమిషన్. సరుకు తనది కాదు కాబట్టి ధర పడిపోయినా ఆ దెబ్బ ఎక్కువగా పంపినవాడికే తగిలేది. పోగొట్టుకున్నది మాత్రం ఇతరుల అప్పు మీద పెట్టిన సంతకం వల్ల. మొదటి దాంట్లో నష్టం వేరొకరిది, రెండో దాంట్లో మొత్తం నష్టం తనది. ఈ తేడా పట్టుకుంటే అతని జీవితం చాలావరకు అర్థమవుతుంది. మేయర్ పదవి దీని మధ్యలో వచ్చిన ఒక్క ఏడాది ముచ్చట.

హోన్ 1780 అక్టోబరు 25న న్యూయార్క్‌లోనే పుట్టాడు. తండ్రి జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. పెద్ద చదువేమీ లేదు. పదహారు పదిహేడేళ్ల వయసులో అన్న జాన్ నడుపుతున్న వేలం కొట్టులో చేరాడు, కొద్ది ఏళ్లకే భాగస్వామి అయ్యాడు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వేలం అనగానే ఐపీ పెట్టినవాడి సామాను అమ్మే పాట గుర్తొస్తుంది. ఆనాటి న్యూయార్క్ వేలందారు అలాంటివాడు కాదు. ఓడల్లో వచ్చిన విదేశీ బట్టల్ని పెట్టెలకి పెట్టెలు టోకున అమ్మిపెట్టేవాడు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారిని చూసినవాళ్లకి ఇది సులువుగా బోధపడుతుంది: సరుకు ఒకరిది, కొనేది ఇంకొకరు, మధ్యలో కొట్టు, అరువు, కమిషన్ ఇతనివి. పైగా ఎవరు పడితే వారు వేలం కొట్టు తెరవడానికి వీల్లేదు. రాష్ట్ర ప్రభుత్వం నుంచి నియామకం ఉండాలి, పూచీ పత్రం రాసివ్వాలి, అమ్మకాల మీద రాష్ట్రానికి సుంకం కట్టాలి. అంటే ఈ వ్యాపారంలో నిలదొక్కుకున్నవాడికి రాజకీయ పలుకుబడి ఎంతో కొంత ముందే ఉన్నట్టు. మేయర్ కథకి పునాది ఇక్కడే పడింది.

అమ్మకం ఇలా జరిగేది. ఓడ రేవుకి రాగానే, సరుకు ఎవరి పేరు మీద వచ్చిందో ఆ ఏజెంటు కస్టమ్స్ హౌస్‌లో లెక్క రాయించి సుంకానికి బాండు ఇచ్చేవాడు. పెట్టెలు బండ్ల మీద వేలం కొట్టుకి చేరేవి. వేలందారు కేటలాగు అచ్చు వేయించేవాడు. పెట్టె నంబరు, రకం, ఎన్ని తానులు, ఎంత గడువు, అన్నీ అందులో ఉండేవి. ఒక్కో రకంలో ఒకటో రెండో పెట్టెలు విప్పి నమూనాగా పరిచేవారు. కొనేవాళ్లు వచ్చి చెయ్యి పెట్టి నేత, బరువు, రంగు చూసుకుని కేటలాగు అంచున తమ ధర గుర్తు పెట్టుకునేవారు. పాట వేగంగా సాగేది. చిన్న కొనుగోళ్లకి రొక్కం, పెద్దవాటికి నాలుగు, ఆరు, ఎనిమిది నెలల గడువు. గడువు కావాలంటే ఊరికే ప్రామిసరీ నోటు రాసిస్తే చాలదు, దాని వెనుక వేలందారుకి నమ్మకమైన ఇంకొక వ్యాపారి సంతకం ఉండాలి. ఈ రెండో సంతకం సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

వేలందారుకి ఇందులో మిగిలేది ఎంత? ఉదాహరణకి కమిషన్ రెండున్నర శాతం అనుకుందాం. 50,000 డాలర్ల సరుకు పోతే 1,250 డాలర్లు. చూడటానికి తక్కువే. కానీ ఆ పాట ఒక్క పూటలో అయిపోతుంది, సరుకు మీద సొంత పెట్టుబడి లేదు, రేపు మళ్లీ ఇంకో ఓడ. సరుకు పంపినవాడికి ముందుగా కొంత సొమ్ము ఇస్తే దాని మీద వడ్డీ వేరు. నోటు వసూలు కాకపోతే నాదీ బాధ్యత అని పూచీ పడితే దానికి ఇంకొంత కమిషన్ వేరు. లాభం శాతంలో కనిపించదు, సరుకు తిరిగే వేగంలో ఉంటుంది.

ఆ వేగం 1815లో విపరీతంగా పెరిగింది. 1812లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధం వల్ల బ్రిటిష్ మిల్లుల సరుకు అమెరికాకి రాక గిడ్డంగుల్లో పేరుకుపోయింది. 1815 ఫిబ్రవరిలో సంధి ఖాయం కాగానే ఆ మొత్తం ఒక్కసారిగా ఓడలెక్కింది, ఎక్కువ భాగం న్యూయార్క్‌లో దిగింది. నష్టానికైనా సరే అక్కడ గుమ్మరించి, అమెరికాలో కొత్తగా లేచిన మిల్లుల్ని మొగ్గలోనే తుంచడం మంచిదేనని బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు హెన్రీ బ్రూమ్ 1816లో బాహాటంగానే అన్నాడు. అంత సరుకు త్వరగా అమ్ముడుపోవాలంటే వేలం ఒక్కటే దారి. ఆ ఒక్క 1815లో హోన్ సోదరుల కొట్టుకి నికర లాభం 1.5 లక్షల డాలర్లు దాటింది. రోజుకూలీకి డాలరు కూడా గిట్టని ఊళ్లో ఇది ఎంత సొమ్మో ఊహించుకోవచ్చు.

యుద్ధానంతరపు హడావుడి ఒకటి రెండేళ్లలో చల్లారిపోవాల్సింది. చల్లారకపోవడానికి కారణం 1817లో న్యూయార్క్ రాష్ట్రం చేసిన వేలం చట్టం. పాటకి పెట్టిన సరుకు అమ్ముడుపోయినా పోకపోయినా సుంకం కట్టాల్సిందేనని అందులో పెట్టారు. ధర రాలేదని వెనక్కి తీసుకుంటే చేతి నుంచి సుంకం వదులుతుంది, కాబట్టి యజమాని వచ్చిన ధరకి వదిలేసేవాడు. పాటకి పెట్టిన సరుకు నిజంగా అమ్ముతారన్న నమ్మకం కుదిరాక దేశం నలుమూలల నుంచి చిల్లర వర్తకులు న్యూయార్క్ రావడం మొదలుపెట్టారు. కొనేవాళ్లు ఇక్కడున్నారు కాబట్టి సరుకూ ఇక్కడికే వచ్చింది. ఇంకో సంగతి: రాష్ట్రానికి వచ్చే ఆ వేలం సుంకాన్ని, హడ్సన్ నదిని ఈరీ సరస్సుతో కలిపే ఈరీ కాలువ నిధికి కేటాయించారు. అంటే ఇంగ్లండులోని లంకషైర్ బట్టల మీద న్యూయార్క్‌లో పాడిన పాటల డబ్బు కొంత ఆ కాలువ తవ్వకంలోకి వెళ్లింది. 1825లో కాలువ తెరుచుకుని న్యూయార్క్ వ్యాపారాన్ని మరింత పెంచింది. వేలందారుల్ని ఉత్త దళారులని తీసిపారేసేవాళ్లు ఈ లెక్క చూడరు.

దిగుమతి వర్తకులకి మాత్రం వేలందార్లంటే మంట, దానికీ గట్టి కారణాలున్నాయి. అప్పట్లో దిగుమతి సుంకం రొక్కంగా కట్టక్కర్లేదు. యూరప్ సరుకు మీద ఎనిమిది, పది, పన్నెండు నెలల్లో మూడు వాయిదాలు. 10,000 డాలర్ల సరుకు మీద 25 శాతం సుంకం అంటే 2,500 డాలర్లు. బ్రిటిష్ మిల్లు ఏజెంటు సరుకుని కొద్ది వారాల్లో వేలంలో అమ్మి, వచ్చిన నోట్లని బ్యాంకులో డిస్కౌంట్ చేయించి, అంటే వడ్డీ ముందే కోయించుకుని, రొక్కం చేసుకునేవాడు. సుంకం కట్టాల్సిన 2,500 మాత్రం ఏడాది దాకా అతని చేతిలోనే ఆడేది, అదీ వడ్డీ లేకుండా. ఇది మొదటి మెలిక. రెండోది ఇన్వాయిస్. సుంకం ఇన్వాయిస్ విలువ మీద పడుతుంది. ఇంగ్లండులో నిజంగా కొని తెచ్చే అమెరికన్ వర్తకుడి ఇన్వాయిస్‌లో కొన్న ధరే ఉంటుంది. మిల్లు యజమాని తన సరుకు తానే పంపుకుంటే తనకి నచ్చిన తక్కువ విలువ రాసుకోవచ్చు. మూడోది, వేలానికనే నాసిరకం తయారయ్యేది: తాను పొడవు తక్కువ, పై మెరుపు ఎక్కువ. నమూనా పెట్టె బాగుండి మిగతావి బాగాలేకపోవడం మామూలు ఫిర్యాదు. 1828 నాటికి ఈ కోపం ముదిరి, వేలాలకి వ్యతిరేకంగా న్యూయార్క్‌లో కాంగ్రెస్ ఎన్నికలకి అభ్యర్థుల్నే నిలబెట్టారు. అప్పటికి హోన్ ఆ వ్యాపారం వదిలేసి ఏడేళ్లయింది.

మనకి తగిలే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1816 టారిఫ్‌లో, అంటే దిగుమతి సుంకాల చట్టంలో, నూలు గుడ్డకి కనీస విలువ అని ఒక నిబంధన పెట్టారు. చదరపు గజం 25 సెంట్ల కన్నా తక్కువకి కొన్న గుడ్డైనా 25 సెంట్లు పెట్టి కొన్నట్టే లెక్కగట్టి, దాని మీద 25 శాతం వసూలు చేయాలి. అంటే గజానికి 6.25 సెంట్లు ఖాయం. పది సెంట్లకి కొన్న గుడ్డ మీద ఇది 60 శాతం దాటిన సుంకం. ఇండియా నుంచి, ముఖ్యంగా కలకత్తా నుంచి వెళ్లే చౌక నేత గుడ్డ అమెరికా మార్కెట్ నుంచి తప్పుకోవడానికి ఇది పెద్ద కారణం. ఆ ఖాళీలోకి ఒకవైపు మసాచుసెట్స్ మిల్లులు, ఇంకోవైపు కాస్త ఖరీదైన బ్రిటిష్ సరుకు వచ్చి చేరాయి.

1821లో హోన్ వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. ఆస్తి అప్పటికి కనీసం 5 లక్షల డాలర్లు అని లెక్క. న్యూయార్క్‌లో చట్టం ఒప్పుకునే వడ్డీ ఏడు శాతం. జాగ్రత్తగా అయిదు శాతానికి పెట్టుకున్నా ఏడాదికి 25,000 డాలర్లు. మళ్లీ కొట్టు మొహం చూడక్కర్లేదు. సిటీ హాల్ ఎదురుగా బ్రాడ్‌వేలో 235 నంబరు ఇల్లు 25,000 డాలర్లకి కొన్నాడు. పుస్తకాలు, బొమ్మలు, మదీరా వైన్, వచ్చేపోయే పెద్దమనుషులు. చదువుకోలేదన్న లోటు అతను జీవితమంతా పూడ్చుకుంటూనే ఉన్నాడు. గుమాస్తాల కోసం పెట్టిన మర్కంటైల్ లైబ్రరీకి, దాని భవనం క్లింటన్ హాల్‌కి అతను చేసిన సాయం ఊరికే పేరు కోసం చేసింది కాదని నా అభిప్రాయం.

ఇక మేయర్ పదవి. ఇప్పటి ఎన్నికల్ని మనసులో పెట్టుకుని చూస్తే ఏమీ అర్థం కాదు. 1821 దాకా న్యూయార్క్ మేయర్‌ని రాష్ట్ర స్థాయిలోని నియామక మండలి వేసేది. కొత్త రాజ్యాంగం వచ్చాక ఆ అధికారం నగర కౌన్సిల్‌కి వచ్చింది. ప్రజలు నేరుగా ఓటేసి మేయర్‌ని ఎన్నుకున్నది 1834లోనే మొదలు. కాబట్టి 1826లో హోన్‌కి కావలసింది కౌన్సిల్ గదిలో కొద్దిమంది ఓట్లు మాత్రమే. ఊళ్లో పేరు, డబ్బు, గట్టి శత్రువులు లేకపోవడం, ఇంటికి పిలిచి భోజనం పెట్టే అలవాటు, ఇవి ఆ పనికి చాలు. పదవీకాలం ఒక్క ఏడాది. అతనికి ముందు మేయర్ విలియం పాల్డింగ్, 1827లో మళ్లీ పాల్డింగే.

అధికారాలు కూడా ఇప్పటిలా లేవు. మేయర్‌కి వేరుగా వీటో లాంటిది 1830 నగర చార్టర్ (నగర పాలన చట్టం) తర్వాతే. అంతకుముందు కౌన్సిల్‌లో కూర్చుని దాన్ని నడిపించడం, బండ్లవాళ్లకి, సారా కొట్లకి లైసెన్సులివ్వడం, పెద్ద అతిథులు వస్తే నగరం తరఫున ఆదరించడం, ఇవే ముఖ్యమైన పనులు. ఈ చివరిదాంట్లో హోన్‌ని మించినవాడు లేడు. ఆ ఏడాది జూన్ 17న బవరీ థియేటర్‌కి శంకుస్థాపన చేశాడు. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండిన 1826 జులై 4న, అంతవరకు దిక్కులేని శవాల్ని పూడ్చిన స్థలాన్ని వాషింగ్టన్ పేరుతో సైనిక కవాతు మైదానంగా ప్రకటించి, జనానికి విందు పెట్టించాడు. అదే ఇవాళ్టి వాషింగ్టన్ స్క్వేర్. దాని చుట్టూ స్థలాల ధరలు తర్వాత ఎలా పెరిగాయో చూస్తే, అతని ఏడాది పాలనలో నిలిచిపోయిన నిర్ణయం ఇదేనని చెప్పొచ్చు.

మేయర్ అవడానికి ముందు ఏడాది అతను పెట్టుకున్న పని నాకు మేయర్ పదవి కన్నా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. పెన్సిల్వేనియా ఈశాన్య కొండల్లో వుర్ట్స్ సోదరులు ఆంత్రసైట్ బొగ్గు గనులు కొన్నారు. బొగ్గుంది, ఊరికి తేవడానికి దారి లేదు. డెలావేర్ అండ్ హడ్సన్ కెనాల్ కంపెనీకి 1823లో చార్టర్ తెచ్చుకున్నారు. వాటాలు కొనేవాళ్లని ఒప్పించడానికి 1825 జనవరి 7న వాల్ స్ట్రీట్‌లోని టాంటైన్ కాఫీ హౌస్‌లో ఆ బొగ్గుని పొయ్యిలో మండించి చూపించారు. రాయిలా ఉండే ఈ బొగ్గు అంటుకోదని జనానికి అనుమానం, సరైన గాలి ఆడితే పొగ లేకుండా గంటల తరబడి కాలుతుందని ప్రదర్శన. పెట్టుబడి మొత్తానికి చందాలు కొద్ది గంటల్లోనే నిండిపోయాయి. కంపెనీకి చార్టర్‌లో బ్యాంకు నడుపుకునే హక్కు కూడా ఉండటం వాటాదార్లని లాగిన ఇంకో సంగతి, కాలువ ఆలస్యమైనా బ్యాంకు లాభం వస్తుంది కదా.

హోన్ దానికి మొదటి ప్రెసిడెంటు. 1825 జులై 13న తొలి పార వేసింది అతనే. కాలువ 1828 అక్టోబరుకి సిద్ధమైంది: 108 మైళ్లు, 108 లాకులు, మొదట్లో నీటి లోతు నాలుగు అడుగులే. నాలుగడుగుల లోతులో పడవకి ఇరవై ముప్పై టన్నులకి మించి వేయలేరు, అందుకే తర్వాత దాన్ని పలుమార్లు లోతు చేయాల్సి వచ్చింది. గనుల నుంచి కాలువ మొదలు దాకా కొండ దాటాలి కాబట్టి వాలు మీద దొర్లే పట్టాల దారి వేశారు. ఆ కాలువ మొదట్లో వెలిసిన ఊరే హోన్స్‌డేల్. అక్కడే 1829 ఆగస్టు 8న హొరేషియో అలెన్ ఇంగ్లండు నుంచి తెచ్చిన స్టౌర్‌బ్రిడ్జ్ లయన్ అనే ఆవిరి రైలింజన్‌ని నడిపాడు. నాలుగు టన్నులు ఉండాలని చెబితే ఏడు టన్నులకి పైగా తూగింది, ఇనుప పట్టీ బిగించిన కర్ర పట్టాలు తట్టుకోలేవని తేలి మూల పెట్టేశారు. దీన్ని హోన్ ఖాతాలో వేస్తూ కొన్నిచోట్ల రాస్తుంటారు. అది తప్పు. 1826లోనే ప్రెసిడెంటు పదవి జాన్ బోల్టన్‌కి వెళ్లింది. హోన్ చేసింది వాటాలకి తన పేరు అండగా ఇవ్వడం, అన్నాళ్లూ డైరెక్టర్లని ఒక తాటి మీద ఉంచడం.

పేరు అండగా ఇవ్వడం. అతని రెండో సగం జీవితమంతా ఇదే పని. బ్యాంకు ఫర్ సేవింగ్స్‌కి ట్రస్టీ, తర్వాత ప్రెసిడెంటు, బీమా కంపెనీలు, కాలువలు, మిల్లులు, అన్నిటికీ హోన్ సంతకం కావాలి. రాజకీయంలోనూ అంతే. ప్రెసిడెంటు జాక్సన్ ప్రభుత్వం బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్ నుంచి ప్రభుత్వ డిపాజిట్లు తీసేశాక వర్తకుల సభలకి అతను ముందు నిలబడ్డాడు. జాక్సన్‌కి ఎదురు నిలిచిన కూటమికి విగ్ అన్న పేరు 1834లో హోన్ ఖాయం చేశాడని కొందరు, పత్రికాధిపతి జేమ్స్ వాట్సన్ వెబ్ చేశాడని కొందరు అంటారు. ఆ ఏప్రిల్ 8 నుంచి 10 దాకా మూడు రోజులు సాగిన తొలి ప్రత్యక్ష మేయర్ ఎన్నికలో వీధి కొట్లాటల మధ్య విగ్ అభ్యర్థి వెర్‌ప్లాంక్ అతి తక్కువ తేడాతో డెమొక్రాట్ లారెన్స్ చేతిలో ఓడాడు. ఓటు హక్కు విస్తరించిన కొద్దీ హోన్ లాంటివాళ్లకి చోటు తగ్గిపోయింది. 1839లో రాష్ట్ర సెనేట్‌కి నిలబడి ఓడిపోయాడు కూడా. ఆ కోపాన్ని అతను ఐరిష్ వలసదారుల మీద చూపించాడు. వలస వచ్చిన జర్మన్ కొడుకు అలా రాస్తుంటే చదవడానికి ఇబ్బందిగానే ఉంటుంది. బానిసత్వాన్ని రద్దు చేయాలన్నవాళ్లని మతిలేని తీవ్రవాదుల్లాగే చూశాడు. దక్షిణాది పత్తి మీద బతికే న్యూయార్క్ వర్తకుడి మాట అది.

ఇప్పుడు పతనం. 1835 డిసెంబరు 16 రాత్రి వ్యాపార కేంద్రంలో నిప్పంటుకుంది. చలి సున్నా ఫారన్‌హీట్‌కి చాలా కింద. నీటి గొట్టాలు గడ్డకట్టాయి, నది మీద మంచు పగలగొట్టి నీళ్లు తోడాల్సి వచ్చింది, తోడినా హోస్ పైపుల్లోనే గడ్డ కట్టింది. చివరికి తుపాకిమందుతో ఇళ్లు పేల్చి మంటకి అడ్డుకట్ట వేశారు. మామూలుగా చెప్పే లెక్క 674 కట్టడాలు, సుమారు 2 కోట్ల డాలర్ల నష్టం. నగరంలోని 26 అగ్ని బీమా కంపెనీల్లో 23 చేతులెత్తేశాయి. అగ్నిప్రమాదం బీమా ఉన్నవాడిని కూడా ముంచింది అన్నది ఇక్కడ గమనించాలి: పాలసీ ఇచ్చిన కంపెనీ కూడా అదే వీధిలో ఉంది, దాని వాటాదార్లు కూడా అదే వర్తకులు.

అయినా నగరం ఆగలేదు, స్థలాల పిచ్చి ఇంకా పెరిగింది. 1836 మార్చిలో హోన్ బ్రాడ్‌వే ఇల్లు 60,000 డాలర్లకి అమ్మాడు. కింద కొట్లు, పైన హోటల్ చేయడానికి కొన్నారు. 25,000 పెట్టింది 60,000 అయిందని అందరూ అబ్బురపడతారు కానీ చక్రవడ్డీ లెక్కన చూస్తే పదిహేనేళ్లకి ఏడాదికి సుమారు ఆరు శాతమే, మామూలు వడ్డీకే అంతకన్నా ఎక్కువ వచ్చేది. అద్దె లేకుండా ఉన్నాడు కాబట్టి నష్టమేమీ లేదనుకోండి. తర్వాత మైలుకి పైగా ఉత్తరాన గ్రేట్ జోన్స్ స్ట్రీట్ మూలలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు.

1836 జులైలో ప్రభుత్వ భూములకి బంగారం, వెండి మాత్రమే తీసుకోవాలని స్పెసీ సర్క్యులర్ వచ్చింది. లండన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ పెంచింది. పత్తి ధర పడింది. న్యూ ఆర్లియన్స్ పత్తి కొట్లు పడితే వాళ్ల బిల్లుల మీద సంతకాలు పెట్టిన న్యూయార్క్ జోసెఫ్ సోదరుల సంస్థ 1837 మార్చి 17న చెల్లింపులు ఆపేసింది. అంతకు కొద్ది రోజుల ముందే వాల్ స్ట్రీట్‌లో వాళ్లు కట్టిస్తున్న రాతి భవనం సగంలో కూలిపోయింది, ఊరంతా దాన్ని అపశకునంగా చెప్పుకున్నారు. మే 9న బ్యాంకు ఫర్ సేవింగ్స్ మీద జనం విరుచుకుపడితే ట్రస్టీగా హోన్ అక్కడే ఉన్నాడు. ఆరింటికి మూయాల్సిన బ్యాంకు, లోపలికి వచ్చినవాళ్లకి ఇచ్చి పంపేసరికి రాత్రి తొమ్మిది దాటింది. మర్నాడు న్యూయార్క్ బ్యాంకులన్నీ నోట్లకి నాణేలివ్వడం ఆపేశాయి.

హోన్‌ని ముంచింది బ్యాంకు కాదు, కొడుకు కొట్టు. పెద్ద కొడుకు భాగస్వామిగా ఉన్న బ్రౌన్ అండ్ హోన్ సంస్థ చెల్లింపులు ఆపేసింది. కొడుక్కి తానిచ్చిన పెట్టుబడి పోవడం ఒక దెబ్బ, వాళ్ల నోట్ల మీద పెద్ద మొత్తానికి తాను హామీ సంతకం పెట్టి ఉండటం అంతకన్నా పెద్ద దెబ్బ అని డైరీలో రాసుకున్నాడు.

ఆ సంతకం ఎలా పని చేస్తుందో ఒక నోటు పట్టుకుని చూద్దాం. 10,000 డాలర్ల నోటు, 90 రోజుల గడువు. రాసేది కొట్టు, వెనుక సంతకం తండ్రిది. బ్యాంకు ఏడు శాతం చొప్పున సుమారు 175 డాలర్లు ముందే కోసుకుని మిగతాది చేతిలో పెడుతుంది. తండ్రికి ఇందులో కమిషన్ లేదు, వడ్డీ లేదు. గడువు రోజు, దాని మీద ఇంకో మూడు రోజులు. అప్పటికీ కట్టకపోతే నోటరీ వచ్చి, నోటు చెల్లలేదని ప్రొటెస్టు రాస్తాడు, హామీదారుకి నోటీసు వెళుతుంది, ఆ క్షణం నుంచి మొత్తం 10,000 అతని నెత్తిన. మంచి రోజుల్లో ఇది కనిపించదు, ఎందుకంటే గడువు నోటుని ఇంకో నోటుతో తీర్చేస్తారు. బ్యాంకు కొత్త నోటు తీసుకోనన్న రోజున పాతవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. 1837లో బయట వడ్డీ నెలకి రెండు మూడు శాతానికి పోయింది. అదే నోటు మూడు నెలలు తిప్పాలంటే 600 నుంచి 900 డాలర్లు. ఆ ధరకి అప్పు తెచ్చి నిలబడలేరు, ఆస్తి అమ్ముదామంటే కొనేవాడు లేడు, వాటాలు సగానికి పడి ఉన్నాయి. హోన్ ఆస్తిలో మూడింట రెండు వంతులు పోయాయని లెక్క. ఒకప్పుడు తన వేలం కొట్టులో ఇతరుల నుంచి అడిగి తీసుకున్న రెండో సంతకం ఇదే.

ఆ తర్వాత అతను ఆస్తిపరుడిగా కాక జీతగాడిగా బతికాడు. అమెరికన్ మ్యూచువల్ ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రెసిడెంటు అయ్యాడు. 1845 జులై 19న మళ్లీ అదే ప్రాంతం తగలబడింది. బ్రాడ్ స్ట్రీట్ గిడ్డంగిలో సురేకారం పేలి మంట నలుదిక్కులా ఎగిసింది, ఆ కంపెనీ కోలుకోలేదు. 1835లో బీమా కంపెనీలు ఎందుకు పడ్డాయో కళ్లారా చూసినవాడే, ఒకే ఊళ్లో పాలసీలు కుప్పబోసిన కంపెనీని నడపడం వింతగా ఉంటుంది కానీ, ఆనాటి బీమా అంతా అలాగే ఉండేది.

1849లో విగ్ ప్రెసిడెంటు జాకరీ టేలర్ అతన్ని న్యూయార్క్ రేవుకి నేవల్ ఆఫీసర్‌గా వేశాడు. పేరు చూసి నౌకాదళ పదవి అనుకోకండి. కస్టమ్స్ హౌస్‌లో ముగ్గురు పెద్ద అధికారులు: కలెక్టర్, నేవల్ ఆఫీసర్, సర్వేయర్. కలెక్టర్ వేసిన సుంకం లెక్కని నేవల్ ఆఫీసర్ విడిగా మళ్లీ వేయాలి, పర్మిట్ల మీద రెండో సంతకం పెట్టాలి, కలెక్టర్ ఖాతాకి సరిచూసే ఖాతా వేరుగా ఉంచాలి. కత్తి లేదు, ఓడ లేదు, ఖాతా పుస్తకాలే. యవ్వనమంతా దిగుమతి ఇన్వాయిస్‌లతో గడిపినవాడికి ఈ పని కొత్త కాదు. 1851 మే 5న చనిపోయే దాకా ఆ పదవిలోనే ఉన్నాడు.

మీరు సొంతంగా తవ్వి చూడాలనుకుంటే డైరీతో మొదలుపెట్టండి. 1828 నుంచి 1851 దాకా రాసిన 28 సంపుటాల చేతిరాత న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీలో ఉంది. అచ్చులో దొరికేవి ఎంపిక చేసిన భాగాలు మాత్రమే: 1889లో టకర్‌మన్ సంకలనం, 1927లో నెవిన్స్ సంకలనం. రెండిట్లోనూ విందులు, నాటకాలు, రాజకీయాలు ఎక్కువ, డబ్బు లెక్కలు తక్కువ. ఇంకో చిక్కు: డైరీ 1828లో మొదలవుతుంది. వేలం వ్యాపారం 1821లో ముగిసింది, మేయర్ పదవి కూడా డైరీకి ముందే ముగిసింది. కాబట్టి ఈ రెండిటికీ డైరీ సాక్ష్యం కాదు, వెనక్కి తిరిగి చేసిన ప్రస్తావనలే. మేయర్ ఏడాదికి నగర కౌన్సిల్ మినిట్స్, వేలం సంగతులకి ఆనాటి పత్రికల్లో అచ్చయిన వేలం ప్రకటనలు చూడాలి. వాటిలో ఓడ పేరు, పెట్టెల సంఖ్య, గడువు షరతులు అన్నీ ఉంటాయి. పేర్ల దగ్గర జాగ్రత్త: జాన్ హోన్ అని కనిపిస్తే అది అన్న కావచ్చు, అన్న కొడుకు కావచ్చు, ఫిలిప్ కొడుకు కావచ్చు. 1821 తర్వాత వేలం ప్రకటనల్లో హోన్ అని కనిపిస్తే అది ఫిలిప్ కొట్టు అని రాసేయకండి, ఆ పేరుతో వ్యాపారం నడిపింది బంధువులు. డాలర్లని ఇవాళ్టి రూపాయల్లోకి మార్చే పని కూడా పెట్టుకోవద్దు. ఆనాటి కూలీ, అద్దె, ఏడు శాతం వడ్డీ, వీటి పక్కన పెట్టి పోల్చుకుంటే 60,000 డాలర్లంటే ఏమిటో సరిగ్గా తెలుస్తుంది.